అప్‌డేట్: బిజినెస్ క్లబ్‌లో చేరమన్నారు కదా, చేరాను

డిగ్రీ రెండో ఏడాదిలో, కాలేజీ బిజినెస్ క్లబ్‌లో చేరితే చదువు పాడవుతుందా అని మిమ్మల్ని అడిగాను. చేరమన్నారు, చేరాను. క్లబ్ ఇచ్చిన సర్టిఫికెట్ బీరువాలోనే ఉంది, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పనికొచ్చింది వేరే. అప్పట్లో క్లబ్ తరఫున విజయవాడ బీసెంట్ రోడ్డులో పచ్చళ్ల స్టాలు పెట్టి, సీసా ధరలో మూత, లేబులు ఖర్చు కలపడం మరిచి నష్టపోయాం. నిరుడు గుంటూరు మిర్చి యార్డు సరుకుతో కారం పొడి వ్యాపారం మొదలుపెట్టినప్పుడు, లెక్కల పుస్తకంలో మొదట రాసింది మూత ఖర్చే! చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో మొదటి మెట్టు, శిశు రుణం, 50,000 రూపాయల వరకే. నాకు అది చాలదు. దాని పై మెట్టు, కిశోర్ రుణం దరఖాస్తును క్లబ్ సీనియర్ అక్క, ఇప్పుడు బ్యాంకు ఉద్యోగి, ఒక సాయంత్రమంతా కూర్చుని దిద్దిపెట్టారు. రుణం వచ్చింది.

నాన్నగారు మాత్రం ఉద్యోగ ప్రకటనలు కత్తిరించి నా బల్ల మీద పెడుతూనే ఉన్నారు.