‘తేజి హరులు’ అంటే గుర్రపు గుర్రాలా?

నిన్న మావాడికి శ్రీనాథుడి హరవిలాసం అవతారిక (ముందుమాట పద్యాలు) చదివి వినిపిస్తున్నా. ఆ కావ్యం అంకితం పుచ్చుకున్న వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి ఇంటివాళ్లు ఏ దేశం నుంచి ఏం తెప్పించేవారో చెప్పే సీసంలో ‘హురుమంజి బలు తేజి హరులు తెచ్చి’ దగ్గర ఆపేశాడు. ‘తేజి అంటే గుర్రమే, హరి అన్నా గుర్రమే అంటున్నావు. గుర్రపు గుర్రాలా నాన్నా?’ అన్నాడు. నీళ్లు నమిలాను.

రాత్రి కూర్చుని ఆలోచిస్తే తట్టింది. పారసీలో ‘తాజీ’ అంటే అరబ్బు, అరబ్బు జాతి గుర్రం. మన దగ్గరికొచ్చాక తేజి అయి, పోను పోను ఏ గుర్రానికైనా పేరైంది. ఇక్కడ మాత్రం అది జాతి పేరే అనుకుంటా, మనం ఒంగోలు గిత్త అన్నట్టు. హురుమంజి అంటే ఇరాన్ దగ్గరి హోర్ముజ్ రేవు. మీరేమంటారు?

కావలి నుంచి ఒక మిత్రుడు:
జాతి పేరంటే ఒప్పుకుంటానన్నా. కానీ సెట్టిగారి సరుకుల చిట్టాకి పద్యమెందుకు? ఈ సెట్టిగారు మన సింహపురి (నెల్లూరు) వర్తకుడేనంటారు కదా, మనకి గొప్పే అనుకోండి.

నా జవాబు:
చిట్టాలో కర్పూరం, కస్తూరి సంగతి వేరు తమ్ముడూ, గుర్రం సంగతి వేరు. మేలుజాతి గుర్రాలు మన నేలన సరిగా పెరిగేవి కావు, ఓడల మీద రావాల్సిందే. కొండవీటి రాజు కుమారగిరిరెడ్డికి సరుకు చేర్చే సెట్టి అంటే ఒక రకంగా సైన్యానికి బలం సమకూర్చేవాడే. తర్వాత కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతిలో దాచకుండా చెప్పేశాడు: దూరద్వీపాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకుల్ని కొలువులో గౌరవించి, మంచి ధర ఇచ్చి మనవాళ్లుగా చేసుకోవాలి, ఆ సరుకు శత్రువుకి చేరకూడదు అని. పోర్చుగీసువాళ్లు 1510లో గోవా, 1515లో హోర్ముజ్ పట్టుకున్నాక గుర్రాల రేవులు వాళ్ల గుప్పిట్లోకి పోయాయి. వాళ్లతో మనకి మతం కలవదు, భాష కలవదు. అయినా 1547లో విజయనగరం వాళ్లతో ఒప్పందం చేసుకుంది. గోవాలో దిగిన గుర్రాలు విజయనగరానికే అమ్మాలి, శత్రువైన బీజాపూరు సుల్తానుకి అమ్మకూడదు. రాయల పద్యం పాతిక ముప్పై ఏళ్ల తర్వాత ఒప్పంద పత్రమైనట్టుంది.

అదే హోర్ముజ్ దగ్గర ఇప్పుడు గొడవ జరిగితే నెల్లూరులో మా ఆవిడకి గ్యాస్ బండ టెన్షన్. దిగుమతయ్యే వంటగ్యాస్‌లో ఎక్కువ భాగం ఆ జలసంధి దాటే వస్తుంది. అటు ఇరాన్‌తోనూ ఇటు అరబ్బులతోనూ ఢిల్లీ ఎందుకంత నెమ్మదిగా మాట్లాడుతుందో ఆ బండని అడిగితే చెబుతుంది.

గూడూరు నుంచి ఇంకొకరు:
మాస్టారూ, మా నిమ్మకాయల మార్కెట్లో ‘ఈ రోజు తేజీగా ఉంది’ అంటాం. అది కూడా మీ గుర్రమేనా?

నా జవాబు:
కాదులెండి. అది ‘తేజ్’, అంటే పదును, వేగం. అదీ పారసీ నుంచి వచ్చిందే కానీ వేరే మాట. ధర పడితే మందీ, దానికి ఎదురు, ధర పెరిగితే తేజీ. రెండూ తెలుగులోకి వచ్చి ఒకేలా పలకడంతో వచ్చిన తంటా ఇది. మావాడు కూడా నేను అర్థం చెప్పకముందు పద్యంలో ‘తేజి’ని ‘వేగంగా పరిగెత్తే’ అనే అనుకున్నాడు.