యూసుఫ్ (క్యాట్ స్టీవెన్స్) 2006 ఆల్బమ్‌లో పాత పాటలు ఎందుకు?

ప్రశ్న: అరుగు మీద రేడియో

మా అన్నయ్య హాస్టలు నుంచి సెలవులకు వస్తూ తెచ్చిన ఒక క్యాసెట్టు వల్ల నాకు బ్రిటిష్ గాయకుడు క్యాట్ స్టీవెన్స్ పాటలు పరిచయమయ్యాయి. అది 1970 నాటి ‘టీ ఫర్ ది టిల్లర్‌మ్యాన్’. రెండో వైపు చివర టేపు నలిగిపోవడం వల్ల, ‘ఫాదర్ అండ్ సన్’లో కొడుకు గొంతు ఎత్తుకునే చోట పాట అటూ ఇటూ ఊగేది. ఇప్పటికీ ఆ పాటను ఫోనులో శుభ్రంగా వింటుంటే ఏదో తగ్గినట్టే ఉంటుంది.

అప్పటికే ఇస్లాం స్వీకరించిన ఆయన 1978లో ‘బ్యాక్ టు ఎర్త్’ తరువాత పాప్ సంగీతాన్ని విడిచిపెట్టి, 28 ఏళ్లకు 2006 నవంబరులో యూసుఫ్ అన్న పేరుతో ‘యాన్ అదర్ కప్’ తీసుకువచ్చారని తెలిసినా, ఆ ఆల్బమ్‌ను ఈ నెలలోనే మొదటినుంచి చివరిదాకా శ్రద్ధగా విన్నాను. విన్నాక ఒక సందేహం పట్టుకుంది. ‘హెవెన్/వేర్ ట్రూ లవ్ గోస్’ చాలావరకు 1973 నాటి ‘ఫారినర్ సూట్’ చివరి భాగమే. ‘ఐ థింక్ ఐ సీ ద లైట్’ అయితే 1970లోనే ‘మోనా బోన్ జేకన్’లో వచ్చింది. అంతకాలం పాటకు దూరంగా ఉన్న మనిషి దగ్గర చెప్పవలసిన కొత్త సంగతులు గంపెడు ఉండాలి కదా! పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్నట్టు పాతవాటినే మళ్లీ ఎందుకు ఎత్తుకున్నారు? ఆ తరువాత వచ్చిన ఆల్బమ్‌లలో ముందుగా దేన్ని వినమంటారు?

జవాబు: ఆరు తీగలు

గిటారు వాయించేవాడిగా నాకు తోచిన కారణం చెబుతాను. ఆ 28 ఏళ్లూ ఆయన ఊరకే కూర్చోలేదు. 1983లో లండన్‌లో ఇస్లామియా పాఠశాలను స్థాపించారు. 1995లో ప్రవక్త జీవితంపై ఒక ఆల్బమ్ కూడా తెచ్చారు. అయితే అందులో ఎక్కువ భాగం మాటలే. వాద్యాలు తన మతవిశ్వాసానికి సమ్మతమేనా అన్న సందేహంతో గిటార్లను వేలం వేసి వదిలించుకున్న మనిషి ఆయన. చివరికి కొడుకు ఇంట్లోకి గిటారు తేవడంతో, ఒక రోజు దాన్ని చేతిలోకి తీసుకున్నానని ఆయనే తరువాత చెప్పారు.

మణికట్టు విరిగి నేను ఎనిమిది నెలలు గిటారు ముట్టలేదు. మళ్లీ పట్టుకున్న రోజు వేళ్ల చివర కాయలు మెత్తబడిపోయి, పది నిమిషాలకే మంట పుట్టింది. బుద్ధి కొత్తవాటి కోసం వెతుకుతున్నా, వేళ్లు మాత్రం పదిహేనేళ్ల వయసులో నేర్చిన బాణీ దగ్గరికే తమంతట తాము వెళ్లాయి. ఎనిమిది నెలలకే నా సంగతి అలా ఉంటే, పాతికేళ్లు దాటాక గిటారు పట్టిన ఆయన చేతులు సొంత పాటల దగ్గరికి వెళ్లడంలో వింత ఏముంది?

జవాబు: పక్కవాద్యం

ఆరు తీగలు గారి అనుభవాన్ని కాదనను గానీ, వేళ్ల అలవాటు ఒక్కటే కారణమైతే 2006తోనే ఆ పని ముగిసిపోవాలి. 2017లో వచ్చిన ‘ద లాఫింగ్ యాపిల్’ చూడండి. అందులో పేరు పాటతో పాటు ‘బ్లాక్‌నెస్ ఆఫ్ ద నైట్’, ‘నార్తర్న్ విండ్’ వంటివి 1967 నాటి రెండో ఆల్బమ్ ‘న్యూ మాస్టర్స్’ నుంచి తీసుకున్నవే. ఆ తొలి రోజుల్లో డెరమ్ రికార్డు కంపెనీలో నిర్మాత మైక్ హర్స్ట్ చేతిలో ఆ పాటలకు వాద్యబృందం హోరు చుట్టుకుంది. 19 ఏళ్ల కుర్రవాడికి అప్పట్లో కాదనే చనువు ఎక్కడిది? క్షయ వచ్చి నెలల తరబడి మంచం పట్టి, కోలుకుని, ఐలండ్ కంపెనీకి మారాకే నిర్మాత పాల్ శామ్వెల్-స్మిత్, గిటారిస్టు ఆలన్ డేవిస్ ఆయనకు తోడయ్యారు. రెండు గిటార్లు, వాటి మధ్య గాలి ఆడేంత ఖాళీ, దగ్గరగా వినిపించే గొంతు: మనం ఆయన శైలి అనుకునేది అప్పుడు పుట్టిందే. అదే శామ్వెల్-స్మిత్‌తో కూర్చుని, యాభై ఏళ్ల కిందటి పాటలకు అప్పుడు దక్కని ఆ ఖాళీని ఇప్పుడు ఇచ్చారు. దీన్ని సరుకు లేక చేసిన పని అనడం నాకు నచ్చదు. మన కచేరీల్లో ఒకే కీర్తనను ముప్పై ఏళ్లు పాడిన విద్వాంసుణ్ణి పాడిందే పాడుతున్నాడని ఎవరూ ఆక్షేపించరు కదా.

అయినా ‘యాన్ అదర్ కప్’ విషయంలో మీ అసంతృప్తి నాకూ ఉంది, వేరే కారణంతో. రిక్ నోవెల్స్ పాప్ పాటలకు పేరున్న నిర్మాత. ఆయన చేతిలో అన్నీ మరీ నున్నగా తేలాయి. ‘ఐ థింక్ ఐ సీ ద లైట్’ 1970లో పియానో మీద దరువు వేసినట్టు దూకుతుంది, 2006లో ఆ దూకుడు లేదు. కానీ అర్థం మారింది. అప్పట్లో ప్రేమ పాటగా విన్నవాళ్లం, ఈ మనిషి నడిచివచ్చిన దారి తెలిశాక అందులోని వెలుగు అన్న మాటను అలాగే వినలేము. నీనా సిమోన్ 1964లో పాడిన ‘డోంట్ లెట్ మీ బీ మిసండర్‌స్టుడ్’ను ఆ ఆల్బమ్‌లో చేర్చడమూ ఊరకే కాదు. 2004లో ఆయన ఎక్కిన విమానాన్ని మేన్ రాష్ట్రానికి మళ్లించి, అమెరికాలోకి రానీయకుండా వెనక్కి పంపించారు. నన్ను అపార్థం చేసుకోవద్దని ఆయన పాడుతుంటే, 1989లో రచయిత సల్మాన్ రష్దీపై వచ్చిన మరణ ఫత్వా విషయంలో ఆయన అన్న మాటలకు చెలరేగిన దుమారం కూడా వినేవారికి గుర్తుకు రాక మానదు.

వరుస అడిగారు కాబట్టి: ముందు ‘ద లాఫింగ్ యాపిల్’, తరువాత 2009 నాటి ‘రోడ్‌సింగర్’. 2014 నాటి ‘టెల్ ఎమ్ ఐయామ్ గాన్’ బ్లూస్ వాసన వేస్తుంది. దాన్ని ఆఖరికి ఉంచుకున్నా నష్టం లేదు.

జవాబు: వేకువ

మీ క్యాసెట్టు సంగతి చదివాక, ఇక్కడ ఎవరూ ప్రస్తావించని 2020 నాటి ‘టీ ఫర్ ది టిల్లర్‌మ్యాన్ 2’ వినమని చెప్పాలనిపించింది. అదే ఆల్బమ్‌ను యాభై ఏళ్లకు మొదటినుంచి మళ్లీ పాడారు. ‘ఫాదర్ అండ్ సన్’ నిజానికి రష్యా విప్లవం మీద అనుకున్న ఒక సంగీత నాటకం కోసం పుట్టింది. విప్లవంలోకి వెళతానని కొడుకు, వద్దని తండ్రి. 1970లో 22 ఏళ్ల కుర్రవాడే తండ్రికి మంద్రంలో, కొడుకుకు పైస్థాయిలో రెండు గొంతులూ ఇచ్చారు. 2020 ఆల్బమ్‌లో తండ్రి మాటలను డెబ్బై దాటిన గొంతుతో పాడి, కొడుకు మాటల దగ్గర తాను 1970లో లాస్ ఏంజెలెస్‌లోని ట్రూబడార్ క్లబ్బులో పాడినప్పటి రికార్డింగును అతికించారు. తండ్రీ తానే, కొడుకూ తానే, మధ్యన యాభై ఏళ్లు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి.

అరుగు మీద రేడియో

ముగ్గురికీ ధన్యవాదాలు. రాత్రి విన్నాను. కొడుకు గొంతు ఎత్తుకునే చోట శబ్దం కొద్దిగా మారి, వేరే గదిలోంచి వస్తున్నట్టుగా ఆ పాత గొంతు వచ్చింది. సరిగ్గా మా టేపు ఊగిన చోటే. అన్నయ్యకు ఫోను చేసి వినిపిస్తే, క్యాసెట్టు ఇంకా బాగు చేయించలేదా అని అడిగాడు.

ఆ ట్రూబడార్ కచేరీ రికార్డింగు పూర్తిగా ఎక్కడైనా దొరుకుతుందా?