ప్యాకెట్ మోడల్ చేస్తున్నా, నెత్తిమీద జెట్ దగ్గర ఆగిపోయా

వైట్‌ఫీల్డ్_వాసు:
అందరికీ నమస్తే. ఫ్లైట్‌గేర్ (ఉచిత ఫ్లైట్ సిమ్యులేటర్) కోసం మన ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానం ప్యాకెట్ మొదలెట్టా. అదేనండీ ఫెయిర్‌చైల్డ్ సి-119జి, తోకని మోసే రెండు బూమ్‌లు, మధ్యలో పొట్ట, వెనక బీరువా తలుపుల్లా తెరుచుకునే డోర్లు. అమెరికా వాళ్ల వెర్షన్ బొమ్మలు నెట్‌లో బోలెడు గానీ నాక్కావాల్సింది మనది, వీపు మీద ఓర్ఫియస్ అనే జెట్ ఇంజన్ మోసుకు తిరిగింది. బ్లెండర్‌లో (త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) బయటి షేప్ దాదాపు అయిపోయింది, స్క్రీన్‌షాట్ పెట్టా, ఇప్పుడు రెండు పిస్టన్ ఇంజన్లు ఒక జెట్టు ఒకే విమానంలో ఎలా కలపాలో తెలీట్లేదు. ఇదివరకు వాడిన సిమ్యులేటర్లో విమానం మొత్తానికి ఒకటే ఇంజన్ టైపు, పిస్టన్ అంటే అన్నీ పిస్టనే. ఎవరైనా చేశారా?

పాత_ఇంజన్:
ఫ్లైట్‌గేర్‌లో ఎగిరే లెక్కలు చేసే జెఎస్‌బిసిమ్‌లో ఆ గొడవే లేదు వాసూ. ప్రొపల్షన్ సెక్షన్లో ఒక్కో ఇంజన్‌కి దాని ఫైల్ దానిదే. పిస్టన్ ఫైల్ రెండుసార్లు, టర్బైన్ ఫైల్ ఒకసారి పెట్టు, జెట్‌కి థ్రస్టర్ 'డైరెక్ట్' ఇస్తే సరిపోతుంది. పిస్టన్‌కి రైట్ ఆర్-3350 లెక్కలు తీసుకో, 18 సిలిండర్లు, 3,500 హార్స్‌పవర్. జెట్‌కి 4,700 పౌండ్ల థ్రస్ట్ (ముందుకి తోసే బలం).
లొకేషన్ దగ్గర మాత్రం జాగ్రత్త. చాలామంది జెట్‌కి జెడ్ విలువ (ఎత్తు) సున్నా వదిలేస్తారు, ఎగరడానికైతే ఎగురుతుంది కానీ అది ప్యాకెట్ కాదు. ఆ ఇంజన్ సీజీకి (విమానం బరువు కేంద్రానికి) బాగా పైన ఉంది, థ్రాటిల్ తోస్తే ముక్కు కిందికి నొక్కుకోవాలి, లాగితే పైకి లేవాలి, నువ్వు ముక్కు సరిచేసే ట్రిమ్ పట్టుకుని కూర్చోవాలి. ఆ చిరాకు లేకపోతే ఇంత కష్టపడి జెట్ పెట్టడం దేనికి?

జాలహళ్లి_కుర్రాడు:
అసలు జెట్ ఎందుకు పెట్టారు అన్నా? రెండు ఇంజన్లు ఏడు వేల హార్స్‌పవర్ కదా, చాలదా?

పాత_ఇంజన్:
కింద చాలు. లదాఖ్‌లో చాలదు. 1962 జూలై 23న స్క్వాడ్రన్ లీడర్ సి.కె.ఎస్. రాజే దౌలత్ బేగ్ ఓల్డీలో (డీబీఓ) ప్యాకెట్ దించాడు, ఆ స్ట్రిప్ ఎత్తు 16,700 అడుగులకి అటూఇటూ. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదాన్లో 60 శాతమే, అది కూడా చల్లటి స్టాండర్డ్ రోజు లెక్క. అంటే మీటర్లో 100 నాట్స్ చూపిస్తుంటే నువ్వు నిజంగా పోయేది 130 దగ్గర. రన్‌వే మీద ఆ స్పీడ్ తెచ్చుకోవడానికి కావాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, ఇంజన్లు చూస్తే పవర్ పోగొట్టుకుని ఉంటాయి. ఇద్దరు పైలట్లు, సరుకు, పైగా ఒక పిస్టన్ ఆగిపోతే ఇంక దేవుడే దిక్కు. అందుకే ఆ మూడోది. మొదట అమెరికా వాళ్ల జె-34 జెట్ ప్యాక్‌లు వచ్చాయి, తర్వాత మన హెచ్ఏఎల్ వాళ్లు ఇక్కడ బెంగళూరులోనే లైసెన్స్ మీద చేస్తున్న ఓర్ఫియస్ ఎక్కించారు. ఇంజన్ బరువు 800 పౌండ్ల పైచిలుకు, ఇచ్చేది దానికి ఐదింతలకు పైనే, అంతకన్నా మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది.

వైట్‌ఫీల్డ్_వాసు:
గురువు గారూ ఆ లెక్క నాకు బాగా పనికొస్తుంది. నా మోడల్ లేహ్‌లో (10,700 అడుగుల దగ్గర) రన్‌వే సగంలోనే లేచిపోతోంది, ఫుల్ లోడ్‌తో. అది తప్పే కదా.

పాత_ఇంజన్:
రెండు చోట్ల చూడు. పిస్టన్ ఫైల్లో సూపర్‌ఛార్జర్ రేటెడ్ ఆల్టిట్యూడ్ మరీ పైకి ఇచ్చేస్తే ఎక్కడికెళ్లినా ఫుల్ పవరే ఇస్తుంది. టర్బైన్ ఫైల్లో థ్రస్ట్ టేబుల్ ఉంటుంది, మాక్ (ధ్వని వేగంతో పోల్చిన స్పీడ్) ఒకవైపు, ఆల్టిట్యూడ్ ఒకవైపు, అది ఏరోమాటిక్ (ఈ ఫైళ్లు తయారుచేసిచ్చే టూల్) వేసిన డిఫాల్టే ఉంటే ఓర్ఫియస్‌కి సరిపోతుందో లేదో చెక్ చెయ్యి. మోటుగా చెప్పాలంటే డీబీఓ ఎత్తులో 4,700 కాస్తా 2,800 దరిదాపుల్లోకి రావాలి. అయినా 130 నాట్స్ దగ్గర అది 1,100 హార్స్‌పవర్ చిల్లర, తక్కువేం కాదు. ఇంకోటి, జెట్ ఆపేసినప్పుడు దాని పాడ్ (ఇంజన్ డొప్ప) ఊరికే గాలికి అడ్డం, కొంచెం డ్రాగ్ కలుపు, లేకపోతే క్రూయిజ్‌లో జెట్ ఫ్రీగా వచ్చినట్టుంటుంది.

లో_పాలీ_లక్ష్మి:
మీరంతా లెక్కల్లో పడ్డారు గానీ వాసు పోస్ట్ చేసిన స్క్రీన్‌షాట్ చూశారా? వాసు గారూ మీ రెక్క అచ్చం స్కేలు పెట్టి గీసినట్టుంది. ప్యాకెట్ రెక్క ఇన్‌వర్టెడ్ గల్, లోపలి ముక్క పొట్ట దగ్గర్నుంచి బూమ్ వైపు కిందికి వాలుతుంది, అక్కణ్ణుంచి బయటి ముక్క పైకి లేస్తుంది. అది లేకపోతే ముందు నుంచి చూసినప్పుడు విమానం ముఖమే మారిపోతుంది. రెక్క మొత్తం పొడవు 109 అడుగుల 3 అంగుళాలు, ముందు ఆ కొలతకి స్కేల్ లాక్ చేసుకుని అప్పుడు వంపు ఇవ్వండి.
ఎడమ సగం మాత్రమే కట్టి మిర్రర్ మాడిఫయర్ వాడండి, ఎక్స్‌పోర్ట్ ముందు అప్లై చెయ్యండి, నార్మల్స్ (ఒక్కో ముఖం ఎటు చూస్తుందో చెప్పేవి) తిరగబడ్డాయేమో చూడండి, ఏసీ ఫైల్లోకి (ఫ్లైట్‌గేర్ వాడే మోడల్ ఫైల్) వెళ్లాక సగం విమానం మాయమైతే కారణం అదే ఎక్కువసార్లు. రివెట్లు జామెట్రీగా ఒక్కోటి పెట్టొద్దు, ఫ్రేమ్‌రేట్ చస్తుంది, నార్మల్ మ్యాప్‌లో వెయ్యండి. వెనక తలుపుల పివట్ మాత్రం హింజ్ లైన్ మీదే ఉండాలి, ఆ లైన్ నిటారుగా ఉందో వాలుగా ఉందో ఫోటోలు ముందు పెట్టుకుని చూసి చెయ్యండి.

జాలహళ్లి_కుర్రాడు:
తలుపుల సంగతి మా పెదనాన్నని అడిగా, ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, రిటైరై ఇక్కడే సెటిలయ్యారు. గాల్లోంచి సరుకు జారవిడిచే డ్రాప్‌కి వెళ్లేటప్పుడు ఆ తలుపులు పూర్తిగా ఊడదీసి ఎగిరేవాళ్లట, వెనకంతా ఖాళీ. చలి గురించి అడిగితే సమాధానం చెప్పకుండా ఒక తిట్టు తిట్టారు. అందుకని తలుపులు లేని వెర్షన్ కూడా పెట్టన్నా. అన్నట్టు 62 చైనా యుద్ధంలో లదాఖ్‌లోని చుషూల్‌కి ట్యాంకులు మోసింది కూడా ఇదేనా?

పాత_ఇంజన్:
కాదు తమ్ముడూ. చుషూల్‌కి ఏఎమ్ఎక్స్-13 ట్యాంకులు ఎక్కించుకెళ్లింది ఏఎన్-12, నాలుగు టర్బోప్రాప్‌ల రష్యా విమానం. ప్యాకెట్ కాక్‌పిట్‌లో కూర్చుని ట్యాంకు ఎక్కించే మిషన్ రాయొద్దు వాసూ, ఎవడో ఒకడు వచ్చి కామెంట్లలో ఉతికేస్తాడు.

వైట్‌ఫీల్డ్_వాసు:
😂 రాయను. సౌండ్ సంగతేంటి? ప్యాకెట్ రికార్డింగ్‌లు పెద్దగా దొరకట్లేదు.

యెలహంక_యెంకి:
నేనొచ్చా. ఆర్-3350 కుటుంబం ఇంజనే స్కైరెయిడర్‌లో ఉంది, లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్‌లో ఉంది. ఎగిరే స్థితిలో ఉన్నవి ఇంకా ఉన్నాయి, స్టార్టప్ రికార్డింగ్‌లు బాగుంటాయి, ఒక్కో సిలిండర్ దగ్గుతూ అంటుకోవడం వినిపిస్తుంది. అయితే వీడియో వాళ్ల పర్మిషన్ అడిగే వాడండి, ఫ్లైట్‌గేర్‌లోకి వెళ్లాలంటే జీపీఎల్ లైసెన్స్ (ఎవరైనా వాడి మార్చుకోవచ్చనే ఉచిత లైసెన్స్) కింద ఇవ్వాలి కదా.
జెట్‌కి అయితే నా దగ్గరే ఉంది. ఓర్ఫియస్ మన ఫైటర్లు మారుత్‌లోనూ అజీత్‌లోనూ ఉందని అందరికీ తెలుసు, ట్రైనర్ విమానం కిరణ్ మార్క్-2లో కూడా అదే. ఎయిర్‌ఫోర్స్ విన్యాసాల జట్టు సూర్యకిరణ్ టీమ్ 2011 దాకా ఎగిరింది ఆ కిరణ్‌లతోనే. యెలహంకలో ఏరో ఇండియా అప్పుడు మా మేడ మీద హ్యాండీక్యామ్ పెట్టి తీసిన టేపు ఉంది, పక్కింటావిడ కుక్కర్ విజిల్ కూడా పడింది, అది కట్ చేసి పంపిస్తా. తొమ్మిది విమానాలు కలిసి పోతున్న సౌండ్ పనికిరాదు, ఒక్క సోలో పాస్ ఉంది, అది తీసుకోండి.

లో_పాలీ_లక్ష్మి:
పాడ్ షేప్ గురించి ఒక్క మాట. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో హెచ్ఏఎల్ మ్యూజియంకి వెళ్లండి వాసు గారూ, ఆరుబయట పెట్టిన విమానాల్లో మారుత్, అజీత్ చూడొచ్చు. ఎగ్జాస్ట్ పైపు దగ్గరికెళ్లి చూస్తే ఆ మెటల్ రంగు ఎలా మారిందో తెలుస్తుంది, మీ టెక్స్చర్‌లో మరీ కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం ఎండలో రేకు మీద వెలుగు కొట్టి ఫోటోలు తెల్లబోతాయి.

వైట్‌ఫీల్డ్_వాసు:
శనివారం వెళ్తున్నా, మారతహళ్లి ట్రాఫిక్ కరుణిస్తే. జెడ్ విలువ మార్చి చూశా ఇప్పుడే, జెట్ తోయగానే ముక్కు నిజంగానే కిందికి పోతోంది, ట్రిమ్ రేటు చాలట్లేదు, అది పెంచాలి. యెంకి గారూ ఆ సోలో పాస్ క్లిప్ పంపండి. తలుపుల్లేని వెర్షన్ ముందు పెడతా, తలుపుల హింజ్ కుదిరాక రెండోది.