చిన్న అల్యూమినియం పడవకి డ్రెయిన్ బొక్క అరిగి వెడల్పయింది, ఏం చెయ్యాలె?

గండిపేట_గాలం:
శంకర్‌పల్లి దగ్గర మా బాబాయికి చేపల చెరువు ఉంది, మేత చల్లనీకి ఒక చిన్న అల్యూమినియం పడవ వాడుతం. లోపలి నీళ్లు బయటికి పోనీకి వెనక పలకకి కింద రెండు డ్రెయిన్ బొక్కలు, లోపల ఇత్తడి ట్యూబ్‌లు ఉంటుండె. ఒకటి వదులై ఊడింది, చుట్టూ తెల్లగా పొడి రాలుతుంది, బొక్క కోడిగుడ్డు లెక్క సాగింది. పాత రబ్బర్ ప్లగ్ పెడితే నీళ్లు లోపలికొస్తున్నయి, పెద్దది పెడితే నిలబడతలేదు. ఎపాక్సీ పుట్టీ నింపి మళ్లీ డ్రిల్ కొడితే సరిపోతదా అన్నా? లేకుంటే వెల్డింగేనా?

నట్టుబోల్టు:
పుట్టీ ఒక్కదాన్నే నమ్మకండి. ఆ ప్లగ్ బిగిస్తే ఉబ్బుతుంది కదా, ప్రతిసారీ అంచుని లోపల్నుంచి తోస్తుంది, పుట్టీ పగిలిపోతుంది. తెల్ల పొడి ఇత్తడి వల్లే, నీళ్లలో ఆ రెండు మెటల్స్ తాకుతూ ఉంటే తినేది అల్యూమినియమే, చెరువులో ఉప్పు వేసే అలవాటుంటే ఇంకా తొందరగా.
పొడిగా అయిన భాగమంతా గట్టి మెటల్ తగిలేదాకా తీసెయ్యండి. బయటవైపు 5052 గ్రేడ్ (నీళ్లకి తట్టుకునే రకం) అల్యూమినియం షీటు, ఒక 3 ఎంఎం, చుట్టూ రెండేసి ఇంచులు ఎక్కువ ఉండేలా కోసి మూలలు గుండ్రంగా రుద్దండి. ఎసిటోన్‌తో తుడిచి, స్టెయిన్‌లెస్ బ్రష్ కొట్టి (మామూలు ఇనప బ్రష్ వద్దు, దాని రజను ఇరుక్కుని తర్వాత తుప్పు పడుతుంది) మధ్యలో పీయూ (పాలీయురేథేన్) సీలెంట్, అంటే ఆరినా రబ్బరులా సాగే జిగురు, పూసి, వెనక మూసి ఉండే రివెట్లు కొట్టండి, మామూలు పాప్ రివెట్‌కి మధ్యలోంచే నీళ్లొస్తాయి. కారు అద్దాలు అతికించే పీయూ ట్యూబ్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగి చూడండి. సిలికాన్ మాత్రం పూయకండి, ఒకసారి పూస్తే తర్వాత దానిమీద ఏదీ అతకదు. కొత్త బొక్క షీటు బిగించాకే కొట్టండి, అడుక్కి దగ్గరగా, లేకపోతే కొన్ని నీళ్లు లోపలే నిలుస్తాయి.

బాలానగర్_షెడ్:
ఆర్గాన్ వెల్డింగ్ అయితది భయ్, కాకపోతే పాత పడవ రేకు పల్చగుంటది, చెయ్యి తిరిగినోడు కాకుంటే బొక్క ఇంకా పెద్దగ చేస్తడు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతది, పైనున్న ఆక్సైడ్ పొరకి 2000 దాటాలె, అందుకే బ్రష్ కొట్టకుండ మొదలుపెట్టేటోన్ని చూస్తే అక్కడికెళ్లి లేచి వచ్చెయ్. సీటు కింద థర్మకోల్ లాంటి ఫోమ్ ఉంటే ముందు తీపియ్యాలె, అంటుకుంటది. పాత సీలెంట్ మరక కూడ ఉండొద్దు.

గండిపేట_గాలం:
సీటు కింద ఫోమ్ ఉంది అన్నా, తీస్తే మళ్లీ పెట్టుడు కష్టం. అయితే ప్యాచే వేస్త. ఇత్తడి ట్యూబ్ మళ్లీ పెట్టాల్నా?

నట్టుబోల్టు:
వద్దు, ప్లాస్టిక్‌ది పెట్టండి. అసలు అంత చిన్న పడవకి రెండు బొక్కలెందుకు, ఒకటి షీటుతో పూర్తిగా మూసెయ్యండి. సీలెంట్ ఆరడానికి కొన్ని రోజులు వదిలెయ్యాలి, దాని మీద రాసినంత. ఆరాక చెరువులోకి దించకముందే దిమ్మెల మీద పెట్టి లోపల నాలుగు బకెట్ల నీళ్లు పొయ్యండి, బయట ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ మార్కర్‌తో గీసుకోండి.