క్యాజువాలిటీలో నిజంగా పనికొచ్చే నెమోనిక్స్ (గుర్తుపెట్టుకునే అక్షర సూత్రాలు) ఏవి? డంబెల్స్, ఫోర్ హెచ్, ఫైవ్ డీ అన్నీ కలిసిపోతున్నాయి

కొత్త హౌస్ సర్జన్:
వచ్చే నెల నుంచి క్యాజువాలిటీ పోస్టింగ్. బట్టీ పట్టిన నెమోనిక్స్ చాలానే ఉన్నాయి, రాయమంటే అక్షరం పొల్లుపోకుండా రాస్తాను. కానీ కేసు చెప్పి "ముందు ఏం చేస్తావ్?" అని అడిగితే మొదటి అక్షరం నుంచి లెక్కపెట్టుకుంటూ ఆగిపోతున్నా. జిల్లా ఆసుపత్రి కాబట్టి పురుగుమందు తాగినవాళ్లు, పాము కాట్లు, యాక్సిడెంట్లు ఎక్కువ. వీటికి ఏవి ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి? డోసులు గుర్తుండే దారి ఉన్నా చెప్పండి సార్.

ఎమర్జెన్సీ పీజీ:
పురుగుమందుతో మొదలుపెడతా. దాని లక్షణాలకు రెండు సూత్రాలున్నాయి. స్లడ్జ్ వదిలేయండి, డంబెల్స్ (డీ విరేచనాలు, యూ మూత్రం, ఎం చిన్నబడ్డ కంటిపాప, బీ, ఈ వాంతులు, ఎల్ కన్నీళ్లు, ఎస్ లాలాజలం) ఉంచుకోండి. స్లడ్జ్‌లో లాలాజలం, కన్నీళ్లు, మూత్రం, విరేచనాలు, కడుపు మెలిపెట్టడం, వాంతులు ఉన్నాయి గానీ మనిషిని చంపేవి లేవు. ఆర్గనోఫాస్ఫేట్ (ఒక రకం పురుగుమందు) కేసులో మొదటి గంటల్లో ప్రాణం తీసేది ఊపిరితిత్తుల్లో ఊరే నీరు, బిగుసుకుపోయే శ్వాసనాళాలు, పడిపోయే పల్స్. బ్రాంకోరియా, బ్రాంకోస్పాజమ్, బ్రాడీకార్డియా మూడూ డంబెల్స్‌లో 'బీ' కింద ఉన్నాయి. అందుకే డీ దగ్గర కాకుండా బీ దగ్గర మొదలుపెట్టండి. ముందు ఛాతీ మీద స్టెత్, తర్వాత పల్స్, ఆ తర్వాతే కంటిపాప.

ఇది సగమే. అదే విషం కండరాల మీద, కొన్ని నరాల మీద చూపే నికోటినిక్ లక్షణాలకు వారాల సూత్రం ఉంది: మండే మిడ్రియాసిస్ (పాప పెద్దదవడం), ట్యూస్‌డే టాకీకార్డియా, వెడ్నస్‌డే వీక్‌నెస్, థర్స్‌డే హైపర్‌టెన్షన్, ఫ్రైడే ఫాసిక్యులేషన్స్ (కండరాలు అదరడం). థర్స్‌డేలో మాత్రం టీ వదిలి హెచ్ పట్టుకోవాలి, కొంచెం బలవంతపు సూత్రమే. కానీ ఇది తెలియకపోతే "పల్స్ 120 ఉంది, అట్రోపిన్ (స్రావాలను ఆరబెట్టే విరుగుడు) అక్కర్లేదు" అనే తప్పు జరుగుతుంది. నికోటినిక్ ప్రభావం వల్లా, ఆక్సిజన్ తగ్గడం వల్లా పల్స్ పెరగొచ్చు. ఛాతీ నిండా నీటి చప్పుడు ఉంటే పల్స్ ఎంతున్నా అట్రోపిన్ ఇవ్వాల్సిందే, పక్కనే ఆక్సిజన్ నడుస్తుండాలి.

డోసు: మన దగ్గర ఆంప్యూల్ 0.6 మి.గ్రా. పెద్దవాళ్లకు మొదట 3 నుంచి 5 ఆంప్యూల్స్ ఐవీ (నరంలోకి). 5 నిమిషాలకు చూసి, సరిపోకపోతే రెట్టింపు. 3, 6, 12, 24. ఇలా పోతే 15 నిమిషాల్లో 45 ఆంప్యూల్స్, అంటే 27 మి.గ్రా. చేరుతుంది. ప్రతి 5 నిమిషాలకూ మూడేసి చొప్పునే ఇస్తూ కూర్చుంటే అదే మొత్తానికి 70 నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో పేషెంట్ తన స్రావాల్లోనే మునిగిపోతాడు.

ఎక్కడ ఆపాలో తెలుగులోనే గుర్తుపెట్టుకోండి: రెండు పొడి, రెండు ఎనభై, ఒక పాప. ఛాతీ పొడి, చంక పొడి. పల్స్ 80 దాటాలి, సిస్టాలిక్ బీపీ 80 దాటాలి. కంటిపాప సూదిమొనలా ఉండకూడదు. అక్కడికి చేరాక అప్పటిదాకా పట్టిన మొత్తంలో 10 నుంచి 20 శాతం గంటకు ఇన్‌ఫ్యూజన్‌గా పెట్టాలి. పై లెక్కకు గంటకు 2.7 నుంచి 5.4 మి.గ్రా.

కొత్త హౌస్ సర్జన్:
పాప బాగా పెద్దదయ్యేదాకా ఇవ్వాలని విన్నాను సార్. అది తప్పా?

ఎమర్జెన్సీ పీజీ:
తప్పే. పాప మెల్లగా స్పందిస్తుంది, దాని కోసం ఆగితే అట్రోపిన్ ఎక్కువైపోతుంది. ఒళ్లు కాలిపోవడం, కలవరింత, పేగు చప్పుడు లేకపోవడం, ఈ మూడూ కనిపిస్తే ఇన్‌ఫ్యూజన్ ఆపి, 30 నుంచి 60 నిమిషాలు చూసి, లక్షణాలు తగ్గాక పాత రేటులో 70–80 శాతంతో మళ్లీ మొదలుపెట్టాలి. ఇంకో ఉచ్చు: వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ఒక వైపే క్రెప్ట్స్ (చిటపట చప్పుడు) వినిపిస్తుంటే అవి అట్రోపిన్‌తో పోవు. వాటి వెంటపడి డోసు పెంచొద్దు.

వెడ్నస్‌డే వీక్‌నెస్‌ని కూడా వార్డుకు తీసుకెళ్లండి. 24 నుంచి 96 గంటల మధ్య ఇంటర్మీడియట్ సిండ్రోమ్ (ఆలస్యంగా వచ్చే కండరాల బలహీనత) వస్తుంది. ప్రతి రౌండ్‌లో "తల దిండు మీద నుంచి లేపండి" అని చెప్పి చూడాలి. మెడ లేవకపోతే తర్వాత వచ్చేది శ్వాస ఆగడమే. డంబెల్స్ లక్షణాలన్నీ తగ్గి, పేషెంట్ బాగున్నట్టు కనిపించే సమయంలోనే ఇది జరుగుతుంది.

పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్:
పాము కాటుకు ఫైవ్ డీ, టూ పీ చాలు. డిప్లోపియా (రెండుగా కనిపించడం), డిస్‌ఫేజియా (మింగలేకపోవడం), డిసార్థ్రియా (మాట తడబడడం), డిస్‌ఫోనియా (గొంతు మారడం), డిస్ప్నియా (ఆయాసం), టోసిస్ (రెప్ప వాలడం), పెరాలిసిస్; టోసిస్‌కు ఇంగ్లిష్‌లో మొదటి అక్షరం పీ. ఇక్కడా అక్షరాల వరసలో చూడొద్దు, సాధారణంగా మొదట వాలేది కనురెప్ప కాబట్టి టోసిస్‌తో మొదలుపెట్టండి. కట్లపాము కాటుకు వాపు, నొప్పి దాదాపు ఉండవు. రాత్రి నేల మీద పడుకుని తెల్లవారుజామున కడుపునొప్పితో వచ్చిన మనిషిని గ్యాస్ అని పంపించే ముందు రెప్పలు చూడండి.

ఈ కండరాల బలహీనతకు వాడే నియోస్టిగ్మిన్ ఇచ్చేటప్పుడు ఏ ముందు, ఎన్ తర్వాత. అట్రోపిన్ 0.6 మి.గ్రా., ఆ వెంటనే నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. ఐవీ. తాచుకు బాగా పనిచేస్తుంది. కట్లపాము విషం నరం కొసనే దెబ్బతీస్తుంది కాబట్టి అక్కడ పెద్దగా ఆశ పెట్టుకోకండి.

రక్తపింజరి విషంతో రక్తం గడ్డకట్టదు, కాబట్టి దానికి సూత్రం కాదు, రక్తం గడ్డకడుతోందో చూసే సీసా ముఖ్యం. కొత్త గాజు, 2 మి.లీ. రక్తం, 20 నిమిషాలు, ఒక్కసారే వంచు. సబ్బుతో కడిగిన ట్యూబ్ వాడినా, ప్లాస్టిక్ ట్యూబ్ వాడినా మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు, అనవసరంగా ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు) ఎక్కుతుంది. మధ్యలో కదిపి చూసినా ఫలితం నమ్మలేం. గడ్డకట్టకపోతే 10 వయల్స్ గంటలో, మళ్లీ పరీక్ష 6 గంటలకు. పిల్లలకూ అవే 10 వయల్స్. పాము వదిలే విషం మనిషి బరువు చూసి తగ్గదు.

ఐసీయూ నైట్ డ్యూటీ:
కార్డియాక్ అరెస్ట్‌లో ఫోర్ హెచ్, ఫోర్ టీ (గుండె ఆగడానికి సరిచేయగల ఎనిమిది కారణాలు) అందరికీ వచ్చు, సీపీఆర్ నడుస్తుండగా ఎవరికీ రాదు. తెలుగులో పెట్టుకుంటే నాలుక మీదికి వస్తుంది. హెచ్‌లు: ఊపిరి, నీరు, ఉప్పు, వేడి. హైపాక్సియా, హైపోవొలీమియా, పొటాషియం హెచ్చుతగ్గులు, హైపోథర్మియా. టీలు నాలుగు గకారాలు: గడ్డ, గాలి, గుండెసంచి, గరళం. త్రాంబోసిస్, టెన్షన్ న్యూమోథొరాక్స్, టాంపొనేడ్, టాక్సిన్స్.

ప్రతి మాటకూ ఒక పని కట్టండి, లేకపోతే ఇదీ బట్టీయే. ఊపిరి అంటే ట్యూబ్ సరిగా ఉందా, రెండు వైపులా గాలి వెళ్తోందా. నీరు అంటే ఫ్లూయిడ్ బాటిల్, రక్తం. ఉప్పు అంటే పొటాషియం రిపోర్టు. హైపర్‌కలీమియా (పొటాషియం ఎక్కువవడం) అనుమానముంటే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 30 మి.లీ. గాలి అంటే ఛాతీలో చిక్కిన గాలి తీసే సూది చేతిలో ఉండాలి. రెండు నిమిషాలకోసారి రిథమ్ చూసే మధ్య విరామంలో ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు "ఉంది", "లేదు" అని జవాబివ్వాలి.

ఇక అడ్రినలిన్. ఆంప్యూల్ 1 మి.లీ.లో 1 మి.గ్రా. తొడకు అర, ఆగితే ఒకటి. అనఫిలాక్సిస్‌లో (ప్రాణాంతక అలర్జీలో) పెద్దవాళ్లకు తొడ బయటివైపు కండలోకి 0.5 మి.లీ., కలపకుండా. గుండె ఆగితే 1 మి.గ్రా. ఐవీ, 3 నుంచి 5 నిమిషాలకోసారి. పల్స్ ఉన్న మనిషికి ఈ రెండో డోసు నరంలోకి పోతే వీటీ (ప్రమాదకరమైన వేగపు గుండె లయ) రావచ్చు, బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. అందుకే మాటలో "ఆగితే" పెట్టాను, దాన్ని మింగేసి "నరానికి ఒకటి" అని మాత్రం నేర్చుకోవద్దు.

ట్రామా వార్డ్:
యాక్సిడెంట్లకు జీసీఎస్ (స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేల్) ఒక్కటి కలుపుతా. పై నుంచి కిందికి రండి: కళ్లు 4, నోరు 5, కాళ్లూ చేతులూ 6. కనిష్ఠం 3, సున్నా కాదు. "జీసీఎస్ 9" అని ఒక్క అంకె రాసి పంపొద్దు, మూడూ విడివిడిగా రాయండి. చేతులు రెండూ వేర్వేరుగా కదిలితే మెరుగ్గా కదిలే వైపుకు మార్కు వేసి, బలహీనమైన వైపు ఏదో పక్కన రాయండి. న్యూరోసర్జన్ ఫోన్‌లో మొదట అడిగేది అదే.