ఇసుక నేలలో గరిక వేరుతో సహా ఊడొస్తోంది, ఆవుల్ని ఎప్పుడు వదలాలి?

భీమిలి దగ్గర, సముద్రానికి కిలోమీటరు లోపే మాకు 2 ఎకరాల ఇసుక మెరక ఉంది. 4 ఆవులు, 2 పెయ్యలు రోజూ ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా అక్కడే మేస్తాయి. రెండేళ్ల క్రితం వరకు గరిక చాప పరిచినట్టు ఉండేది. ఇప్పుడు నీళ్ల తొట్టి చుట్టూ ఒట్టి ఇసుకే. మిగతా చోట అంగుళం కూడా లేవడం లేదు, ఆవు లాగితే వేరుతో సహా ఊడొస్తోంది. అవి ముట్టని వెంపలి మాత్రం దర్జాగా పెరుగుతోంది.

పోయిన జూలైలో గరిక కణుపులు నాటాం. ఆవుల్ని ఆపలేదు, తొక్కిడికి పోయాయి (తప్పు మాదే). తర్వాత కంచె వేసి 3 భాగాలు చేశాం. ఒక్కో దాంట్లో 10 రోజులు మేత, 20 రోజులు విశ్రాంతి. వానల్లో కాస్త కోలుకుంది, డిసెంబరు నుంచి మళ్లీ పాత కథే. పశువుల ఎరువు 2 ట్రాక్టర్లు తోలితే సగం గాలికే పోయింది. తొట్టి మారిస్తే కొత్త చోటు కూడా 15 రోజుల్లో బోడి అయింది.

ఈ జూన్‌లో తొలకరి పడగానే మళ్లీ నాటుతాం. ఇసుక నేలలో పశువుల్ని మేపిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: గరిక ఎంత ఎత్తు పెరిగాక ఆవుల్ని లోపలికి వదలొచ్చు?