పూల అతినీలలోహిత ఫొటోలకు టార్చి సరిపోతుందా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా పొలం గట్టు మీద గడ్డి చామంతి విరగబూసింది. తేనెటీగ కంటికి ఆ చిన్న పూలు ఎలా ఉంటాయో చూడాలని 365 నానోమీటర్ల టార్చి కొన్నాను. రాత్రి దాని వెలుగులో తీస్తే పుప్పొడి మెరుస్తోంది. అతినీలలోహిత ఫొటో అంటే ఇదేనా? నాది మామూలు డీఎస్ఎల్ఆర్.

జవాబు: అది కాదండీ. టార్చి కాంతి తగిలి పువ్వే మన కంటికి కనిపించే రంగులో వెలుగుతోంది. అది ప్రతిదీప్తి. ఎండలోని అతినీలలోహితాన్ని రేకులు ఎక్కడ తిప్పికొడుతున్నాయి, ఎక్కడ పీల్చుకుంటున్నాయి అన్నదే తేనెటీగ చూసేది. దాని కోసం పగలే తీయాలి, ఆ కాంతిని మాత్రమే వదిలే ఫిల్టర్ లెన్స్‌కు పెట్టాలి.

మామూలు కెమెరాలో సెన్సర్ ముందుండే గాజు ఈ కాంతిని దాదాపుగా ఆపేస్తుంది. పాత సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి కొని, తెలిసిన మెకానిక్‌తో ఆ గాజు తీయించండి. ఇప్పటి లెన్స్‌ల కంటే డార్క్‌రూమ్ రోజుల్లో ఫిల్మ్ నుంచి ఫొటోను పెద్దది చేయడానికి వాడిన ఎన్‌లార్జర్ లెన్స్ చాలాసార్లు మెరుగు.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది పరారుణం, అంటే ఎరుపుకు అవతల ఉండే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి. చవక ఫిల్టర్లు దాన్నీ వదిలేస్తాయి, సెన్సర్‌కు అదంటే మహా ఇష్టం. నేను మొదట్లో తీసినవన్నీ ఉత్త పరారుణ ఫొటోలే అని తెలిసి చాలా బాధపడ్డాను. చేతి మీద సన్‌స్క్రీన్ రాసి ఫొటో తీయండి. రాసిన చోట నల్లగా వస్తే ఫిల్టర్ మంచిదే.

ప్రశ్న: థాంక్స్ సార్. రంగులు, ఫోకస్ సంగతి?

జవాబు: ఈ కాంతికి అసలు రంగంటూ లేదు. ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు నాలుగైదు పొరలు మడిచి, దాని మీద వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకు చెప్పే సెట్టింగ్) పెట్టుకోండి. ట్రైపాడ్ కదపకుండా ముందు మామూలు కాంతిలో ఒకటి తీయండి. మార్చిన కెమెరా కాబట్టి అప్పుడు అతినీలలోహితాన్నీ పరారుణాన్నీ ఆపే ఫిల్టర్ పెట్టాలి. తర్వాత ఫిల్టర్ మార్చి ఫోకస్ మళ్లీ సరిచూసుకోండి, కాస్త జరుగుతుంది. ఎక్స్‌పోజర్ సెకన్లు పట్టొచ్చు, గాలి లేని పొద్దున వెళ్లండి. టార్చి వాడేటప్పుడు మాత్రం అతినీలలోహితాన్ని ఆపే కళ్లద్దాలు తప్పనిసరి.

ముందు పొద్దుతిరుగుడు పువ్వు మీద చూడండి. సాధారణంగా రేకుల చివరలు తెల్లగా, మొదళ్లు నల్లగా వస్తాయి. రేకు మొత్తం తెల్లబడితే పరారుణం దూరుతోందేమోనని మళ్లీ సన్‌స్క్రీన్ పరీక్ష చేయండి. అది కుదిరాక గడ్డి చామంతి తీసి ఇక్కడ పెట్టండి, నాకూ చూడాలని ఉంది.